డాక్టర్ రోలండ్ అనని మాటలు

"ఆ సినిమా కాసేపు ఆపి కాఫీ పెట్టు వూక్కో, వేయో వచ్చాడు."

మా ఆయన ఓస్మో నాతో ఈ మాట అన్నది ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పొద్దున పదకొండు గంటలకి. కొత్త మాటేం కాదు. ముప్ఫై ఏళ్ళుగా వారానికి నాలుగుసార్లయినా వింటున్నదే. నేను చూస్తున్నది సినిమా కాదని, పని చేసుకుంటున్నానని నా మొగుడికి బాగా తెలుసు. ఇంగ్లీషు కార్యక్రమాలకి తెర అడుగున మా ఫిన్నిష్ మాటలు రాసేవాళ్ళలో నేనొకదాన్నని మొదట్లో స్నేహితులకి గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఆ గొప్ప ఎప్పుడు ఎగతాళి అయిందో నాకు గుర్తు లేదు. చొక్కా రంగు వెలిసినట్టు ఉతుకుతూ ఉతుకుతూ ఉండగా అయిపోయింది.

మా అత్తగారు హిల్మా బతికున్నన్నాళ్ళూ చర్చి మెట్ల మీద అందరికీ చెప్పేది. "మా కోడలు అదృష్టవంతురాలమ్మా. కాళ్ళు జాపుకుని టీవీ చూస్తే జీతమిస్తారు. పిల్లల మేజోళ్ళకి మాత్రం చిల్లులు." ఆవిడ వచ్చినప్పుడల్లా నేను గబగబా టీవీ కట్టేసి, తప్పు చేసినదానిలా లేచి నిలబడేదాన్ని. నా బల్ల వంటింటికీ హాలుకీ మధ్య మూలలో ఉంటుంది. పిల్లలు చిన్నప్పుడు అక్కడ వేసుకున్నాను, పొయ్యి మీది బంగాళాదుంపలు కనిపించాలని. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకునేదాన్ని. రెండో చెవి ఎప్పుడూ ఇంటికే. పిల్లలు వెళ్ళిపోయి పదిహేనేళ్ళయింది. బల్ల అక్కడే ఉంది, ఆ చెవీ అలాగే ఉంది.

ఆ మంగళవారం మాత్రం నేను వెంటనే లేవలేకపోయాను. తెర మీద నలుపు తెలుపు బొమ్మలో ఒక రేవు. పడవలోంచి ఒకతను కోటు కాలరు పైకెత్తుకుని మెట్టు మీదకి అడుగు పెట్టాడు. నాకు అరవై ఒకటో ఏడు నడుస్తోంది. ఆ అడుగు చూడగానే గుండె దడదడ కొట్టుకుంది.

"వింటున్నావా?"

"వస్తున్నా."

కాఫీ పెట్టాను. యాలకుల బన్ను కోసి పళ్ళెంలో పెట్టాను. వేయో ఓస్మోతో పాటు గ్యారేజీలో పని చేసి రిటైరైనవాడు. బన్ను నములుతూ నా తెర వైపు చూసి, "ఏంటి, ఇంత పాత సరుకా? ఇవాళ ప్రేమకథా?" అన్నాడు.

"అవును. నాదే," అన్నాను. జోకనుకుని ఇద్దరూ నవ్వారు.

నేను పెరిగింది తాంపెరే అనే మిల్లుల ఊళ్ళో, అమూరి పేటలో. ఇప్పుడు ఆ చెక్క ఇళ్ళు లేవు. అప్పట్లో నాలుగు కాపురాలకి ఒకటే వంటిల్లు, నాలుగు పొయ్యిలు, నాలుగు తాళాల అల్మారాలు. నాన్న నా ఐదో ఏట పోయాడు. అమ్మ మిల్లులో నేత పని. అమ్మమ్మకి కళ్ళలో పొర. మా నాలుగు కాపురాల్లో మొట్టమొదట టీవీ తెచ్చింది సెల్మా గారు, ఇళ్ళకి రంగులేసే ఒకాయన భార్య, ఆయన పోయాక ఒంటరిగా ఉండేది. "ఇంట్లోకి దెయ్యాన్ని తెచ్చుకుంది" అని చెవులు కొరుక్కున్నవాళ్ళే, శనివారం సాయంత్రం సౌనా గదిలో ఆవిరిస్నానం చేసి తడి జుట్టుతో ఆవిడ గది ముందు వరస కట్టేవారు. ఉత్త చేతులతో వెళ్ళకూడదు. గుప్పెడు కాఫీ పొడో, ఒక బన్నో, నల్ల సాసేజి ముక్కో పట్టుకెళ్ళాలి. బొమ్మ కిందికి జారిపోతుంటే సెల్మా గారు టీవీ వీపు మీద అరచేత్తో చరిచి, "లే, నిలబడు!" అని ఆవునదిలించినట్టు అదిలించేది. నిలబడేది కూడా.

పెరట్లో ఆడపిల్లలం తెర మీది మగవాళ్ళని పంచేసుకున్నాం. గుర్రమెక్కి వచ్చే కౌబాయ్ పక్క గది రిత్వా వాటా. పొడుగు కోటు డిటెక్టివ్ అవతలింటి అక్కచెల్లెళ్ళిద్దరికీ ఉమ్మడి, ఒక వారం అక్కకి, ఒక వారం చెల్లికి. వంతు తప్పిందని జుట్లు పట్టుకున్న రోజులున్నాయి. రేవు డాక్టరు నావాడు. ఇంగ్లండులో ఎక్కడో చేపల రేవు, అక్కడ డాక్టర్ రోలండ్, ఆయన దగ్గర ఎడిత్ అనే నర్సు. నటుడి పేరు గైల్స్ హార్విన్. సన్నని మొహం. రోగిని చూసే ముందు మోచేతుల దాకా నెమ్మదిగా చేతులు కడుక్కునేవాడు. ఆ కడుక్కోవడం కోసమే నేను వారమంతా కాసుక్కూర్చునేదాన్ని. మా పేటలో మగవాళ్ళు ఏదైనా అంత నెమ్మదిగా, అంత శ్రద్ధగా చెయ్యడం నేను చూడలేదు.

అమ్మమ్మకి బొమ్మ మసకగా కనిపించేది గానీ కింద అక్షరాలు కనిపించేవి కావు. "ఏమంటున్నాడే?" అని నన్ను పొడిచేది. ఆవిడ చెవిలో చదివేదాన్ని. రెండో వారం సెల్మా గారు, "గుసగుసలేంటే, గట్టిగా చదువు, నేనూ కళ్ళజోడు ఎక్కడో పెట్టాను," అంది. మూడో వారానికి నన్ను టీవీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టారు. అక్షరాలు వచ్చి నాలుగైదు సెకన్లు నిలిచి మాయమైపోయేవి, ఆలోపు చదివెయ్యాలి. డాక్టరుకి ఒక గొంతు, నర్సుకి ఒక గొంతు, జాలరులకి బొంగురు గొంతు. పన్నెండు మంది పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి పదేళ్ళ పిల్ల నోటి వైపు చూసేవారు. మగ్గాల మోతకి అమ్మ చెవులు అప్పటికే సగం పోయాయి. వెనక తలుపు దగ్గర నిలబడి, పక్కావిడతో మామూలుగా అన్నాననుకుని అరిచినట్టే అంది ఒకసారి. "నా కూతురు తడుముకోదు!" అంతకన్నా పెద్ద బిరుదు నాకు ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

మూడో భాగంలో అనుకుంటాను, నర్సు ఎడిత్ ఏదో చెప్పబోయి ఆగిపోతుంది. డాక్టరు చేతులు తుడుచుకుంటూ ఆమె వైపు తిరిగి ఒక మాటంటాడు. తెర మీద రెండు వరుసలు. నేను చదివాను:

"చెప్పండి ఎడిత్. మీ మాట వినకపోతే నాకు మనశ్శాంతి ఉండదు."

అమ్మమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. అమ్మకి భోజనం డబ్బా ఇవ్వడానికి మిల్లు గేటు దాకా వెళ్ళేదాన్ని కాబట్టి, మేస్త్రీ ఆడవాళ్ళతో ఎలా మాట్లాడతాడో నాకు తెలుసు. ఒక ఆడమనిషి మాట వినకపోతే మనశ్శాంతి ఉండని మగవాడు లోకంలో ఒకడున్నాడని ఆ శనివారం తెలిసింది. ఆ మాట నా నోటితోనే వచ్చింది. ఇంక ప్రేమించక ఏం చేస్తాను?

పన్నెండో ఏట స్కూలు డిక్షనరీ పెట్టుకుని ఆయనకి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. "డాక్టరుగారూ, ఇక్కడ ఎవరూ వినరు. మీరు వింటారని రాస్తున్నాను." రెండు నెలలకి జవాబు, ఒక ఫోటో, దాని మీద సంతకం. అమ్మమ్మ బొటనవేలు ఉమ్ముతో తడిపి సంతకాన్ని రుద్ది చూసి, "సిరా కాదే ఇది, అచ్చు," అని తేల్చేసింది. అయినా ఆర్నెల్లు తలగడ కింద పెట్టుకున్నాను. ఆయన మాట ఆయన భాషలోనే వినాలని ఇంగ్లీషు మీద పడ్డాను. క్లాసులో మొదటి మార్కు నాదే. మిల్లులో చేరమన్న వయసులో భాషల కాలేజీలో చేరాను. మా వంటింటి నాలుగు కాపురాల్లో టోపీ పెట్టుకుని పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. అమ్మ ఆ రోజు మిల్లుకి సెలవు పెట్టింది, పాతికేళ్ళలో మొదటిసారి.

ఓస్మో వేసవి డాన్సు పందిట్లో పరిచయం. పడవ ఇంజన్ల గురించి మాట్లాడి మాట్లాడి, ఆగి, "నువ్వు చెప్పు, వింటా," అన్నాడు. ఆ ఒక్క మాటకే పడిపోయాను. పెళ్ళయ్యాక కూడా ఆ మాట అన్నాడు, కానీ హాకీ చూస్తూ. "చెప్తూ ఉండు, వింటున్నాగా."

ఇక ఈ ఫిబ్రవరి సంగతి. పాత సీరియళ్ళని శుభ్రం చేసి ఇంటర్నెట్లో చూపించే కంపెనీ ఒకటి 'రేవు డాక్టరు' ఇరవై ఆరు భాగాలూ నాకు పంపించింది. బొమ్మతో పాటు ఎక్కడో దొరికిన పాత కాగితాల ఫోటోలూ పంపారు. అరవై నాలుగులో తెర మీద వేసిన ఫిన్నిష్ మాటలు, టైపు చేసిన వరుసలు, ఒక్కోదాని పక్కన అది తెర మీదకి రావలసిన క్షణం. "అవి సరిగ్గా లేవట. మీరు మళ్ళీ ఉన్నదున్నట్టు రాసివ్వండి," అన్నాడు ఆ కంపెనీ అబ్బాయి తోమి.

వేయో వెళ్ళిపోయాక బల్ల ముందుకొచ్చి మూడో భాగం పెట్టాను. చిన్నప్పుడు ఆ ఇంగ్లీషు నాకు గాలి హోరుతో సమానం. ఇప్పుడు ప్రతి అక్షరం వినిపిస్తుంది. ఎడిత్ నోరు తెరిచి ఆగిపోయింది. డాక్టరు చేతులు తుడుచుకుంటూ తిరిగాడు. అరవై దాటినదాన్ని, సిగ్గు లేకుండా ముందుకి వంగాను. ఆయన అన్నది ఇది:

"అదేంటో చెప్పి ఏడువు మరి. చెప్పిందాకా నన్ను బతకనివ్వవుగా."

వెనక్కి తిప్పాను. మళ్ళీ విన్నాను. మళ్ళీ తిప్పాను. పెదవి చివర విరుపు చూశాను. చిన్నప్పుడు అది చిరునవ్వనుకున్నాను. కాగితం తీశాను. టైపు అక్షరాల్లో ఉంది. "చెప్పండి ఎడిత్. మీ మాట వినకపోతే నాకు మనశ్శాంతి ఉండదు."

ఆ రోజంతా అదే పని. నర్సు పన్నెండు గంటలు నిలబడి చేసి అలిసిపోయిన చోట ఆయన అన్నది, "ఇవాళ్టికి నువ్వు వెలగబెట్టింది చాలు, ఇంటికి పో." కాగితంలో, "ఇవాళ్టికి మీరు చేసింది చాలు ఎడిత్, ఇంటికెళ్ళి పడుకోండి." బిడ్డకి జ్వరమని పరిగెత్తుకొచ్చిన జాలరి భార్యతో అన్నది, "ఆడవాళ్ళ భయాలకి మందు లేదమ్మా." కాగితంలో, "మీ భయానికి నా దగ్గర మందు లేదు. ఇక్కడే కూర్చుంటాను." అక్కడ ఆయన నిజంగానే కూర్చుంటాడు, పైపు వెలిగించుకోవడానికి. రాసినవాళ్ళు ఆ కూర్చోవడాన్ని పట్టుకున్నారు. పెదవుల కదలికకీ, మొహం తిరిగే క్షణానికీ ఎక్కడా తేడా రాలేదు. ముప్ఫై ఏళ్ళ పనితనంతో చెబుతున్నాను, అలా రాయడం నాకు చేతకాదు. తెర మీది మనిషిని ముట్టుకోకుండా ఆ మనిషినే మార్చేశారు.

ముందు ఒళ్ళు మండింది, యాభై ఏళ్ళు మోసపోయానని. గిన్నెలు కడుగుతూ కడుగుతూ పగలబడి నవ్వాను. ఓస్మో హాల్లోంచి, "ఏమైందే?" అన్నాడు. ఏం చెప్పను? నా మొదటి ప్రియుడు అసలు లేనే లేడని చెప్పనా? ఉన్నాడు. అంత బాగా మాట్లాడిన మనిషి ఎక్కడో ఉన్నారు. అది గైల్స్ హార్విన్ మాత్రం కాదు.

ప్రతి కాగితం కింద మూలలో రెండక్షరాలున్నాయి. మై. పె.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఓస్మో, "చారు చప్పగా ఉంది," అన్నాడు. ఇలాంటప్పుడు ఎప్పుడూ నా లోపల ఒక మాట తనంతట తనే తయారయ్యేది. 'పాపం ఆకలి మీద ఉన్నాడు, అంతే' అని. ఆ రోజు అది తయారవుతుండగా పట్టుకున్నాను. చారు చప్పగా ఉంది అన్నాడు, ఇంకేం అనలేదు. 'సినిమా ఆపి కాఫీ పెట్టు' అంటే 'నీ చేతి కాఫీ అయితేనే నాకు బావుంటుంది' అని చదువుకున్నాను. మా అత్తగారు 'అదృష్టవంతురాలు' అంటే ముచ్చటపడుతోందని చదువుకున్నాను. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆయనన్న ప్రతి మాటకీ కింద నేను ఇంకో మాట రాసుకుని, నేను రాసుకున్నదాన్నే నమ్మాను. జీతం లేని పనుల్లో ఇది కూడా ఒకటని అప్పటిదాకా తట్టలేదు.

రిటైరైన పాత ఎడిటర్లకి ఫోన్లు చేశాను. నాలుగో ఆవిడ చెప్పింది. "మైరే పెల్తోలా అయ్యుంటుంది. లహ్తిలో ఉంటోంది. ఎనభై దాటాయి, మాట మాత్రం కత్తి."

"ఎవరో ముసలావిడ కోసం రైలెక్కి లహ్తి దాకానా? ఫోన్ లేదూ?" అన్నాడు ఓస్మో.

"ఉంది. నాకు మొహం చూడాలనుంది."

"మరి మధ్యాహ్నానికి?"

"ఫ్రిజ్‌లో నిన్నటి కూర ఉంది," అని బూట్లు తొడుక్కున్నాను.

మైరే గారు రెండో అంతస్తులో ఒక్క గది ఇంట్లో ఉన్నారు. ఈ చివరి నుంచి ఆ చివరికి పుస్తకాలు, కిటికీలో ఎర్ర జెరేనియం పూల కుండీ. చేతికర్ర ఊపి కుర్చీ చూపించి, నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. చివరికి ఒక కన్ను తెరిచారు.

"అయితే నన్ను పట్టుకోవడానికి వచ్చావా?"

"పట్టుకోవడానికి కాదండీ. ఎందుకు మార్చారో అడగడానికి."

"రెండు వరుసలమ్మాయ్. వరసకి ముప్ఫై అక్షరాలు దాటకూడదు. అన్నీ పట్టవు. ఏదో ఒకటి వదిలెయ్యాలి. నువ్వు ఈ పని చేస్తావుగా, నీకు తెలీదూ?"

"తెలుసు. ఏది వదలాలో ఎలా ఎంచేవారు?"

"వెటకారాన్ని వదిలేసేదాన్ని." ఆవిడ కర్ర కొనతో నేల మీద ఒకసారి కొట్టారు. "మా ఇంట్లో అది కావలసినంత ఉండేది. దేశమంతటికీ శనివారం సాయంత్రం పూట వడ్డించాలా? ఆ మనిషి మొహం బావుంది. ఆ మొహానికి తగ్గ మాట ఇస్తే సరిపోతుందనుకున్నాను. అప్పట్లో అక్షరాలు తెర మీదకి మేమే పంపేవాళ్ళం తెలుసా? చిన్న గది, కార్యక్రమం నడుస్తుంటే మీట నొక్కుతూ ఉండాలి. ఒక్క నొక్కు తప్పితే నర్సు మాట డాక్టరు నోట్లో పడుతుంది. ఇరవై ఆరు వారాలు. ఒక్కటి తప్పలేదు నేను."

"పేరు వేసేవారు కాదా?"

"అడిగాను. తెర మీద చోటు లేదన్నారు. మా ఆయన అనేవాడు, 'నువ్వు చేశానంటున్నావు, ఏదీ, ఎక్కడుంది చూపించు' అని. ఏం చూపిస్తాను? నాలుగు సెకన్లకి మాయమైపోయే సరుకు." ఆవిడ నవ్వి, కాస్త ముందుకి వంగారు. "నువ్వెవరివి మరి? ఎక్కడ చూశావు ఇది?"

చెప్పాను. అమూరి పేట, సెల్మా గారి గది, ముక్కాలిపీట, అమ్మమ్మ కళ్ళ పొర. డాక్టరు గొంతుతో ఒకసారి, నర్సు గొంతుతో ఒకసారి అని చెబుతుంటే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"గట్టిగా చదివేదానివా? అందరికీ?"

"పన్నెండు మందికి. ఒక్కో వారం పదిహేను మంది."

"నేను రాసింది..." అని ఆగారు. "ఆ గదిలో కూర్చుని అనుకునేదాన్ని, ఎవరైనా చదువుతున్నారా, లేక బొమ్మ చూసి ఊరుకుంటున్నారా అని. యాభై ఏళ్ళు అనుకున్నాను. నీ నోట్లోంచి వచ్చిందా అది?"

"మూడో భాగంలో మాట ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు."

"ఏదీ, అను."

అన్నాను. పదేళ్ళప్పటి గొంతు రాలేదు, ఉన్న గొంతుతోనే అన్నాను. మైరే గారు కిటికీ వైపు తిరిగారు. నా ఉత్తరం సంగతి, అచ్చు సంతకం సంగతి కూడా చెప్పాను. "మీకు రాయాల్సిన ఉత్తరం అండీ అది. అడ్రసు తప్పింది," అన్నాను.

ఆవిడ చేతిరుమాలు తీసి ముక్కు చీదుకుని, "సరే, అసలు విషయానికి రా. ఇప్పుడేం రాస్తావు?" అన్నారు.

"అదే అడగాలని వచ్చాను. మీ మాటలు ఉంచెయ్యాలని ఉంది."

"ఎందుకు? నువ్వు పదేళ్ళ పిల్లకి రాస్తున్నావా?" కర్ర మళ్ళీ నేలని తాకింది. "నేను అప్పుడు చెయ్యగలిగింది చేశాను. వాడిని మంచివాణ్ణి చేశాను. ఆ పుణ్యమంతా ఎవరి ఖాతాలో పడింది? వాడి ఖాతాలోనేగా! నువ్వే ప్రేమించావు. నీలాంటి ఆడపిల్లలు ఎంతమందో. వాడేమన్నాడో అదే రాయి. నా మాటలు కావాలంటే నా పేరుతో ఉండనీ."

రైల్లో తిరిగొస్తున్నంతసేపూ ఆ ఆఖరి మాటే చెవిలో ఉంది.

ఇరవై ఆరు భాగాలూ ఉన్నదున్నట్టు రాశాను. నా జీవితంలో అంత పొగరుగా పని చెయ్యలేదు. విరుపుకి విరుపు, వెటకారానికి వెటకారం, అక్షరం ఎక్కువ లేకుండా. తర్వాత కాగితాల్లోని మైరే గారి వరుసల్ని కూడా కొత్త బొమ్మకి ఒక్కొక్కటే సరిచూసి అమర్చాను. అది ఎవరూ అడగని పని. ఆవిడ నొక్కిన చోటే నొక్కుతుంటే తెలిసింది, ఎక్కడా పావు సెకను కూడా అటూ ఇటూ కాలేదని. తోమికి ఫోన్ చేశాను.

"రెండూ పెట్టండి. చూసేవాళ్ళు కావలసింది ఎంచుకుంటారు. ఒకదాని మీద 'అనువాదం, 1964, మైరే పెల్తోలా.' రెండోదాని మీద నా పేరు. మొదట్లోనే, తెర మధ్యలో."

"వూక్కో గారూ, పేర్లు ఎవరు చూస్తారండీ? జనం అంతవరకూ ఆగరు."

"అందుకే మొదట్లో అన్నాను."

"అది మా పద్ధతి కాదండీ. ఏ కార్యక్రమానికీ వెయ్యం. మీకు వేస్తే అందరూ అడుగుతారు."

"అడగాలి కదా మరి."

తోమి గొంతు మెత్తబరిచి, "చూడండి, మీ మీద గౌరవంతో చెబుతున్నాను. ఈ రోజుల్లో ఈ పని మిషనుతో చేయించుకుని, పైపైన దిద్దేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు కాకపోతే ఇంకొకరు," అన్నాడు.

ఇదివరకటి నేనైతే దీని కింద కూడా ఒక మంచి మాట రాసుకునేదాన్ని, కుర్రాడు, పాపం పైవాళ్ళ ఒత్తిడి అని. ఈసారి అతను అన్నదే విన్నాను.

"అయితే వాళ్ళతోనే చేయించండి బాబూ. మిషన్ని అడగండి, అరవై నాలుగులో ఆవిడ ఏం చేసిందో కనిపెట్టమనండి. ఒప్పందం మీద నేను సంతకం పెట్టలేదు. పని నా దగ్గరే ఉంది," అని ఫోన్ పెట్టేశాను.

ఆ కంపెనీ ఒక్కటే ఆ మధ్య నాకు వరసగా పని ఇస్తున్నది. ఓస్మో అంతా విన్నాడు. "పేరు కోసమా ఇంత గొడవ? మన వీధి తలుపు మీద ఉందిగా నీ పేరు," అన్నాడు.

"అది నీ ఇంటిపేరు," అన్నాను.

తొమ్మిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. పదో రోజు తోమి ఫోన్ చేశాడు. పైవాళ్ళకి కథ చెప్పాడట. పాత మాటలూ కొత్త మాటలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఒకావిడ మీటింగులోనే నవ్వాపుకోలేకపోయిందట. "రెండూ వేస్తున్నాం. పేర్లతో," అన్నాడు. ఆ తర్వాత, "మా అమ్మమ్మకి కూడా ఆ డాక్టరంటే ఇష్టమేనంట," అని నసిగాడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మొదటి భాగాలు వచ్చాయి. అందరికన్నా ముందు మైరే గారు ఫోన్ చేశారు. పక్కింటావిడ చేత టీవీలో పెట్టించుకున్నారట. "ఏడు సెకన్లు ఉంచారమ్మాయ్ నా పేరు! లెక్కపెట్టాను. ఏడు! మా ఆయన ఉంటే చూపించేదాన్ని," అన్నారు. ఆ గొంతులో ఎనభై ఏళ్ళు ఎక్కడా లేవు.

ఓస్మో సోఫాలో కూర్చుని రిమోట్ పట్టుకున్నాడు. ఎప్పుడూ నేను చేసింది కూర్చుని చూసిన మనిషి కాదు. మొదట మైరే గారి మాటలతో మూడో భాగం చూశాడు. "మంచివాడేనే మీ డాక్టరు," అన్నాడు. తర్వాత నా మాటలకి మార్చి అదే చోటు మళ్ళీ చూశాడు. మళ్ళీ అటు మార్చాడు, మళ్ళీ ఇటు. నాలుగోసారి బొమ్మ ఆపేశాడు.

"అచ్చం మా నాన్నలా మాట్లాడుతున్నాడు," అన్నాడు నెమ్మదిగా. "మా అమ్మతో."

"అవును."

"నేనూ అలాగే మాట్లాడతానా?"

నా లోపల అలవాటైన చెయ్యి ఒకటి లేచింది. లేదులే, నువ్వు మంచివాడివి అని రెండు వరుసలు సిద్ధం. దాన్ని రాయనివ్వలేదు.

"అవును ఓస్మో. చాలాసార్లు."

ఆయన మొహంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మొహం ఎర్రబడి, చూపు దించుకున్నాడు. కిటికీ బయట చూరు నుంచి మంచు కరిగి కారుతోంది. అప్పుడే చెప్పేద్దామనిపించింది. వారం రోజుల క్రితమే ఖాయం చేసుకుని, ఎలా చెప్పాలా అని దాచిన సంగతి.

"స్టేషను వెనక చెప్పులు కుట్టే షాపు పైన ఒక గది తీసుకున్నాను. రేపటి నుంచి పనికి వెళ్తున్నా."

"ఏం పనికి? ఈ వయసులో కొత్త ఉద్యోగమా?"

"కొత్తదేం కాదు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నదే."

"ఇక్కడ చేసుకోవచ్చుగా? బల్ల ఉంది, అన్నీ ఉన్నాయి. ఎవరొద్దన్నారు?"

"ఎవరూ వద్దనలేదు. పని అని కూడా ఎవరూ అనలేదు."

ఓస్మో రిమోట్‌ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఏదో అనబోయి ఆగాడు. మళ్ళీ నోరు తెరిచాడు.

"ఎన్నింటికొస్తావు?"

"పనయ్యాక," అన్నాను.